వీఆర్ హెడ్‌సెట్ మన ఇళ్లకు రాకపోవడానికి ధర ఒక్కటే కారణమా?

రేణిగుంట_షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 10.15

అందరికీ నమస్తే. నేను రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని చేస్తున్నాను. కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉంటాం. పోయిన నెల చెన్నైలో మా బావమరిది ఇంట్లో క్వెస్ట్ 3ఎస్ అనే వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు బిగించుకుంటే వేరే లోకంలో ఉన్నట్టు చూపించేది) పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తీసేశాక ఆ గది చిన్నదైపోయినట్టు అనిపించింది. అప్పట్నుంచి మనసంతా దాని మీదే ఉంది.

2024 అక్టోబరులో అమెరికాలో దాన్ని 299 డాలర్లకు విడుదల చేశారు. మన డబ్బుల్లో పాతిక వేల చిల్లర. బయటి నుంచి తెప్పించి అమ్మే ఒకాయన్ని అడిగితే ముప్పై ఎనిమిది వేలు చెప్పాడు, బిల్లు ఉండదన్నాడు. నా చేతికొచ్చే జీతం ముప్పై రెండు వేలు.

క్యాంటీన్‌లో ఈ మాట ఎత్తితే అందరూ ఒకటే అంటున్నారు, పదిహేను వేలకు దిగితే ఇంటికొకటి ఉంటుందని. నాకు మాత్రం అంత తేలిగ్గా నమ్మబుద్ధి కావడం లేదు. కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, వాడి పక్కన పెట్టినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

---

గాంధీరోడ్_మొబైల్స్ · శుక్రవారం రాత్రి 10.52

తమ్ముడూ, పద్నాలుగేళ్లుగా ఫోన్ల షాపు నడుపుతున్నా. ధర తగ్గితే ఏమవుతుందో నా కౌంటర్ మీదే చూశాను.

2016, 17ల్లో ఫోన్ లోపల పెట్టే వీఆర్ డబ్బాలు వచ్చాయి గుర్తుందా? అట్టవి నూట యాభై, ప్లాస్టిక్‌వి నాలుగు వందలు. వేసవి సెలవుల్లో రోజుకు పది పన్నెండు అమ్మేవాణ్ణి. తిరుమల కొండకు వచ్చిన వాళ్లు పిల్లలు మారాం చేస్తే కొనిచ్చి బస్సెక్కేవాళ్లు. మరుసటి రోజు ఊళ్లోవాళ్లు తిరిగొచ్చేవాళ్లు, "అన్నా, తల తిప్పితే బొమ్మ తిరగడం లేదు" అని. డబ్బాలో తప్పేమీ లేదు. తక్కువ రేటు ఫోన్లలో చాలావాటికి జైరోస్కోప్ ఉండేది కాదు. అది లేకపోతే తల ఎటు తిరిగిందో ఫోనుకు సరిగ్గా తెలియదు. చివరికి డబ్బా చేతికిచ్చే ముందే వాళ్ల ఫోన్‌లో సెన్సర్ చూసి, లేదంటే వద్దని చెప్పి పంపేవాణ్ణి.

సరే, సెన్సర్ ఉన్న ఫోన్లవాళ్ల సంగతి చూద్దాం. రోలర్ కోస్టర్ వీడియో, షార్క్ వీడియో. వారం రోజులు. తర్వాత అటక మీదికి. 2023లో ఐపీఎల్ టైంలో జియో డైవ్ అని అలాంటి ఫోన్ డబ్బానే 1,299కి వచ్చింది. అడిగి మరీ తీసుకెళ్లినవాళ్లున్నారు. రెండో ఏడాది దాని పేరెత్తి నా దగ్గరికి ఎవరూ రాలేదు.

నాలుగు వందలది కూడా ఇంట్లో నిలవలేదు. అందుకే ధర తగ్గితే చాలంటే నేను ఒప్పుకోలేను.

---

యేర్పేడు_ల్యాబ్ · శుక్రవారం రాత్రి 11.30

అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ అట్ట డబ్బాను చూసి హెడ్‌సెట్ గురించి తీర్పు చెప్పడం అన్యాయం.

మనం తల ఎటు తిప్పామన్నది ఒక్కటే ఆ డబ్బాకు తెలుసు. మీరు ఒక అడుగు ముందుకేసినా, కిందికి వంగినా దానికి తెలియదు. కళ్ల ముందు లోకం మీతో పాటే అంటుకుని జరుగుతుంది. కాసేపటికి కడుపులో తిప్పేది అందుకే. క్వెస్ట్ లాంటివాటిలో బయటికి చూసే కెమెరాలుంటాయి. అవి గదిని చూసుకుంటూ మీరెక్కడ ఉన్నారో ప్రతి క్షణం లెక్క కడతాయి. వంగి బల్ల కింద చూస్తే బల్ల కింద ఏముందో కనిపిస్తుంది. రెండూ ఒకే జాతివి కావు.

ఇక ధర. 2012లో ఈ క్వెస్ట్‌లకు మూలమైన ఆక్యులస్ కంపెనీ వాళ్లు కిక్‌స్టార్టర్‌లో (జనం దగ్గర ముందుగా డబ్బు సేకరించే వెబ్‌సైట్) 300 డాలర్లకు డెవలపర్ కిట్, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం తొలి హెడ్‌సెట్, ఇస్తామని డబ్బు సేకరించారు. 2014లో ఫేస్‌బుక్ వాళ్లను సుమారు 200 కోట్ల డాలర్లకు కొనేసింది. 2016లో వాళ్ల రిఫ్ట్ హెడ్‌సెట్ 599 డాలర్లకు వచ్చింది, దాన్ని నడిపే కంప్యూటర్‌తో కలిపి కొనాలంటే 1,499 నుంచి మొదలు. దానికి పోటీగా వచ్చిన హెచ్‌టీసీ వైవ్ 799. అప్పుడు ఎంతమంది కొన్నారు? ఆటల పిచ్చి ఉన్నవాళ్లే. 2020 అక్టోబరులో క్వెస్ట్ 2 వచ్చింది. కంప్యూటర్ అక్కర్లేదు, వైరు లేదు, 299 డాలర్లు. దాంతోనే వీఆర్ మొదటిసారి మామూలు ఇళ్లకు వెళ్లింది. 2022 ఆగస్టులో వంద డాలర్లు పెంచారు, ఏడాది తిరక్కుండానే మళ్లీ 299కి దించారు. ధరతో పని లేకపోతే ఎందుకు దించుతారు?

---

చిత్తూరు_కట్టమంచి · శనివారం ఉదయం 6.40

మా ఇంట్లో ఉంది. క్వెస్ట్ 2. అమెరికా నుంచి మా తమ్ముడు 2021లో తెచ్చిచ్చాడు. అంటే మాకు పైసా ఖర్చు కాలేదు. ధర సున్నా అయితే ఏమవుతుందో మా ఇంటిని చూసి చెప్పవచ్చు.

మొదటి మూడు నెలలు రోజూ వాడాం. మా వారు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బాక్సింగ్ ఆట. పది కిలోలు తగ్గుతానన్నారు, నాలుగు తగ్గారు. అది నిజంగా మంచి జ్ఞాపకం.

మా హాలు పదికి పదకొండు అడుగులు. అందులో దివాన్, టీవీ స్టాండు, పిల్లల సైకిలు. నిలబడి ఆడాలంటే ఆరున్నర అడుగులకు ఆరున్నర అడుగుల ఖాళీ ఉండాలంటారు. రోజూ దివాన్ గోడకు జరపాలి, సైకిలు వరండాలో పెట్టాలి, ఆట అయ్యాక అన్నీ మళ్లీ యథాస్థానం. ఒకరోజు చెయ్యి పైకి లేపితే తిరుగుతున్న ఫ్యాన్ రెక్క తగిలింది. రెండు వేళ్లు వాచాయి. ఫ్యాన్ ఆపి ఆడదామంటే మే నెలలో మన చిత్తూరు ఎండ మీకు తెలుసు. అర కిలో బరువు మొహానికి బిగించుకుంటే పావుగంటకు నుదుటి మీది స్పాంజి చెమటకు తడిసి ముద్దవుతుంది. అద్దాలు మంచు పట్టినట్టు అయిపోతాయి. ఆ తడి స్పాంజిని ఇంకొకరు పెట్టుకోవాలి.

ఇంకో సంగతి మగవాళ్లు చెప్పరు. జడ వేసుకున్న తలకు ఆ పట్టీ సరిగ్గా కూర్చోదు. ముడి మీద పెడితే జారుతుంది, ముడి కింద పెడితే బరువంతా ముక్కు మీద పడుతుంది. నేను జుట్టు విప్పుకుంటే తప్ప పెట్టుకోలేను. వంటింట్లోంచి వచ్చి పది నిమిషాలు చూద్దామంటే కుదిరే పని కాదు. మా పాపకు కళ్ల మధ్య దూరం తక్కువ. అందులో అద్దాల మధ్య దూరం మార్చుకోవడానికి ఉన్నవి మూడే మెట్లు, 58, 63, 68 మిల్లీమీటర్లు. పాపకు ఎప్పుడూ మసగ్గానే ఉండేది.

ఇప్పుడు అది బీరువాలో పట్టుచీరల పక్కన భద్రంగా ఉంది. పండగలకు చుట్టాలొస్తే తీస్తాం. ఛార్జింగ్ ఎక్కించి, అప్‌డేట్ అయ్యేదాకా అందరం చుట్టూ కూర్చుంటాం.

---

రేణిగుంట_షిఫ్ట్ · శనివారం ఉదయం 8.05

అక్కా, మీరు చెప్పింది చదివి మా హాలు కొలిచాను. తొమ్మిదికి పది. ఈ లెక్క నేను వేసుకోనే లేదు.

---

కొర్లగుంట_వీఆర్_కౌంటర్ · శనివారం ఉదయం 11.20

నేను మీ ఏరియాలోనే ఉంటాను. ఎగ్జిబిషన్లలో, సెలవుల్లో వీఆర్ కౌంటర్ పెడతాను. ఐదు నిమిషాలకు వంద రూపాయలు. రెండు హెడ్‌సెట్లున్నాయి. వంద ఎక్కువని గొణిగేవాళ్లు తక్కువ. లైన్‌లో నిలబడి మరీ ఇస్తారు. నిమిషానికి ఇరవై రూపాయలంటే సినిమా టికెట్ కన్నా ఎంత ఖరీదో చూడండి. అయినా ఇస్తారు.

పోయిన సంక్రాంతికి పుత్తూరు వైపు నుంచి ఒక అవ్వ మనవడితో వచ్చింది. వాడు చూశాక "నాకూ పెట్టు నాయనా" అంది. సముద్రం ఒడ్డున నిలబడ్డట్టుండే వీడియో పెట్టాను. అల దగ్గరికి వస్తుంటే ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని మోకాళ్ల దాకా ఎత్తుకుంది. తీసేశాక కింద నేలను కాలితో తడిమి చూసుకుంది. అది చూశాక ఈ వస్తువుకు మన జనంలో చోటు లేదంటే నా మనసు ఒప్పుకోదు.

కానీ నిజం కూడా చెప్పాలి. మూడేళ్లలో "ఇది ఎక్కడ దొరుకుతుంది, నేనూ కొంటా" అని గట్టిగా అడిగినవాళ్లు పది మంది కూడా లేరు. ఆ కొద్దిమందీ ధర విని వెంటనే వెళ్లిపోలేదు. పాడైతే ఎవరు బాగు చేస్తారని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాది పాడైనప్పుడు నేనే పెట్టెలో సర్ది చెన్నై పంపిస్తాను, వస్తే వచ్చినట్టు.

---

బైరాగిపట్టెడ_రాత్రులు · శనివారం మధ్యాహ్నం 1.10

ఆ "పాడైతే ఎవరు" దగ్గరే నేను దెబ్బతిన్నాను.

2023లో బయటి నుంచి తెప్పించి అమ్మే ఒక అంగట్లో క్వెస్ట్ 2 కొన్నాను. పేరు రాయను, ఇప్పుడు ఆ అంగడే లేదు. ముప్పై ఒక్క వేలు, మూడు నెలల చిట్టీ డబ్బు. ఐదో నెలలో కుడిచేతి కంట్రోలర్ (చేత్తో పట్టుకునే రిమోట్ లాంటిది) మీది పుల్ల దానంతటదే పక్కకు జారడం మొదలైంది. నేను కదలకుండా కూర్చున్నా లోపల బొమ్మ నడుచుకుంటూ పోతుంది. అప్పటికి కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మడం లేదు, కాబట్టి ఇక్కడ వారంటీ లేదు. అమ్మినవాడు వారం తిప్పి, తర్వాత ఫోన్ ఎత్తలేదు. చివరికి యూట్యూబ్ చూసి నేనే విప్పి, చిన్న స్ప్రే కొట్టి, మళ్లీ బిగించాను. కొన్ని వారాలు పనిచేసింది. విడిగా కంట్రోలర్ తెప్పించాలంటే తొమ్మిది వేలు అన్నారు.

కాబట్టి తమ్ముడూ, ధర అంటే డబ్బా మీద రాసిందే అనుకోవద్దు. దారిలో పడే సుంకం, అమ్మేవాడి లాభం, లేని వారంటీ, పాడైతే పోయే మొత్తం, తిరిగి అమ్ముకుందామంటే పలకని రేటు, అన్నీ కలిపితేనే మన ఊళ్లో దాని ధర. అమెరికావాడికి 299 అయితే మనకు దాని రెట్టింపు భయం.

అధికారికంగా వచ్చినవి లేవా అంటే ఉన్నాయి. సోనీ హెడ్‌సెట్ పీఎస్ వీఆర్2ను 2023 డిసెంబరులో ఇక్కడ 57,999కి విడుదల చేశారు. అప్పట్లో దానికి ముందు ప్లేస్టేషన్ 5 ఆటల యంత్రం ఉండాల్సిందే. రెండూ కలిపితే లక్ష దాటింది. వారంటీ ఉన్న దారి అంత దూరంలో ఉంది.

---

యేర్పేడు_ల్యాబ్ · శనివారం మధ్యాహ్నం 2.00

చూశారా, ఇది ధర గురించిన వాదనే కదా! నేను మొదట్నుంచి చెప్పేది ఇదే.

---

గాంధీరోడ్_మొబైల్స్ · శనివారం మధ్యాహ్నం 2.25

కాదయ్యా. ఆ అక్కకు ఉచితంగా వచ్చింది, పాడు కూడా కాలేదు, అయినా పట్టుచీరల పక్కన ఉంది. దానికేం చెబుతావు?

---

మాజీ_లెక్చరర్_తిరుపతి · శనివారం సాయంత్రం 5.45

నేను అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా మనవడి వల్ల ఈ చర్చ నా కంటపడింది. రెండు మాటలు రాస్తాను.

ఖరీదైన వస్తువులు మన ఇళ్లకు రాలేదా? మా వీధిలో మొదటి టీవీ 1984 ప్రాంతంలో వచ్చింది. ఒక గుమాస్తా నాలుగైదు నెలల జీతం పెట్టి కొన్నాడు. ఆదివారం సాయంత్రం ఆ ఇంటి ముందు నలభై జతల చెప్పులుండేవి. ఒకడు కొన్నాడు, వీధి చూసింది. చూసినవాళ్లలో ఒక్కొక్కరే తర్వాత కొన్నారు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, బండి, ఏది తీసుకున్నా ఇల్లంతటికీ పనికొచ్చేదే. మన ఇళ్లలో ముప్పై వేల వస్తువు కొనాలంటే ఒక్కరి నిర్ణయం కాదు. భార్య, అమ్మ, చదువుకునే పిల్లలు, అందరూ అందులో తమ వాటా చూసుకుంటారు.

ఈ హెడ్‌సెట్ స్వభావమే వేరు. ముప్పై ఎనిమిది వేలు పెట్టి తెస్తే ఒక మనిషి కళ్లు మూసుకున్నట్టు కూర్చుంటాడు, మిగతా నలుగురు అతన్ని చూస్తూ కూర్చుంటారు. టీవీ ధరను ఐదుగురికి పంచవచ్చు. దీని ధరను పంచలేం. అమెరికాలో పిల్లవాడికి తన గది, తన వస్తువులు ఉంటాయి. మనకు ఉన్నది హాలు. కాబట్టి అదే 299 డాలర్లు అక్కడ ఒకరి ఖర్చు, ఇక్కడ కుటుంబం ఖర్చు. డాలరును రూపాయిల్లోకి మారిస్తే ఈ తేడా లెక్కలోకి రాదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయాక దేశమంతా ఇంటర్నెట్టులోకి దూకిందని ఇక్కడ ఎవరైనా ఉదాహరణ చెప్పవచ్చు. నిజమే. అయితే అప్పటికే ఫోన్ చేతిలో ఉంది, పాటలు, సినిమాలు, మనుషులతో మాటలు, అన్నిటికీ ఆకలి ఉంది. అడ్డంగా ఉన్న గోడ ధర ఒక్కటే, అది పడగానే నీళ్లు పారాయి. ఇక్కడ గోడ వెనక నీళ్లున్నాయా అన్నది చూడాలి.

---

యేర్పేడు_ల్యాబ్ · శనివారం రాత్రి 9.10

సార్, మీ టీవీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నేను కొంచెం వెనక్కి తగ్గుతున్నాను.

నిజానికి మీకు బలమిచ్చే విషయాలు నాకే తెలుసు, నిన్న రాయలేదు. 2015 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ తన చందాదారులకు పది లక్షలకు పైగా గూగుల్ కార్డ్‌బోర్డులు, అంటే అట్ట వీఆర్ డబ్బాలు, ఉచితంగా పంపింది. 2016లో గెలాక్సీ ఎస్7ను ముందుగా బుక్ చేసుకున్న అమెరికావాళ్లకు శామ్‌సంగ్ తన గేర్ వీఆర్‌ను (ఆక్యులస్‌తో కలిసి చేసిన, ఫోన్ బిగించుకునే హెడ్‌సెట్) ఊరికే ఇచ్చింది. రెండూ నిలవలేదు. 2019లో గేర్ వీఆర్ కథ ముగిసినప్పుడు, ఆక్యులస్‌లో ముఖ్యుడైన జాన్ కార్మాక్ దాని గురించి బహిరంగంగా మాట్లాడాడు. చాలామందికి చేరింది కానీ మళ్లీ మళ్లీ పెట్టుకున్నవాళ్లు తక్కువ, ఫోన్ తీసి అందులో బిగించే చిన్న శ్రమే అడ్డమైంది, ఫోన్ బ్యాటరీ తినేస్తుందన్న బెంగ కూడా తోడైంది అని ఆయన చెప్పిన సారం. అక్క చెప్పిన దివాన్ జరపడం కూడా అలాంటి శ్రమే.

క్వెస్ట్ విషయంలోనూ అంతే. దాదాపు 2 కోట్ల హెడ్‌సెట్లు అమ్మామని, అయితే కొత్తగా కొన్నవాళ్లు మొదటివాళ్లంతగా వాడడం లేదని మెటా (ఫేస్‌బుక్ కంపెనీ కొత్త పేరు) లోపలి సమావేశంలో చెప్పుకున్న సంగతి 2023లో వార్తల్లోకి వచ్చింది. ధర తగ్గించి తెచ్చిన కొనుగోలుదారు ముందుగా వదిలేస్తున్నాడన్నమాట.

ఇంకా ఎంత తగ్గించగలరు అన్నది కూడా చూడాలి. వీఆర్ పనులు చూసే మెటా విభాగం 2023లో 1,610 కోట్ల డాలర్లు, 2024లో 1,770 కోట్ల డాలర్లు నష్టం చూపింది. అందులో పరిశోధన ఖర్చే ఎక్కువ అనుకోండి. అయినా హెడ్‌సెట్ మీద లాభం వేసుకోకుండా అమ్ముతున్న కంపెనీ ఇది. లాభం చూసుకుని అమ్మేవాళ్ల ధర ఎలా ఉంటుందో ఆపిల్ వాళ్ల హెడ్‌సెట్ విజన్ ప్రో చూపించింది, 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్లు.

నా పాత మాటలో ఒక్కటి మాత్రం వదలను. కొనేవాళ్లు తక్కువైతే ఆటలు, పాఠాలు తయారు చేసేవాళ్లు రారు. వాళ్లు రాకపోతే వాడడానికి ఏమీ ఉండదు, అందుకే ఎవరూ కొనరు. ఆ గొలుసులో మొదటి ముడి ధరే. తెలుగులో మాట్లాడే ఒక మంచి పాఠం, ఒక ఆట ఉంటే అక్క వాళ్ల పాప బీరువా తలుపు తట్టదా?

---

చిత్తూరు_కట్టమంచి · శనివారం రాత్రి 9.40

తడుతుంది బాబూ. సౌరమండలం వీడియో అదే అడిగి మరీ చూసింది. ఇంగ్లీషులో ఉంటే నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాను, అది చూసేది నాకు కనిపించకపోయినా.

---

తిరుచానూరు_ఫిజియో · ఆదివారం ఉదయం 7.15

ఎవరూ ఎత్తని మాట ఒకటి. కొందరికి ఇది ఒంటికి పడదు.

లోపల నడుస్తున్నట్టు కళ్లు చెబుతాయి, కదలడం లేదని చెవి లోపలి సమతుల్యత భాగం చెబుతుంది. ఆ రెండూ కలవకపోతే తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో ఫోన్ చూస్తే కొందరికి అయ్యేదీ దాదాపు ఇదే, అక్కడ కదలిక చెవికి తెలుస్తుంది, కంటికి తెలియదు. ఎవరికి పడుతుందో ఎవరికి పడదో పెట్టుకుంటే తప్ప తెలియదు. కూర్చుని ఆడేవి, మనం నిలబడిన చోటే ఉండేవి ముందు చూడాలి. మొదటి రోజు పది నిమిషాలు చాలు. ఎదురుగా ఫ్యాన్ గాలి తగిలేలా కూర్చుంటే కొందరికి తేలికగా ఉంటుంది. తల తిరుగుడు మొదలవగానే తీసేయాలి, ఓర్చుకుంటే అలవాటవుతుందనుకోవద్దు. వెర్టిగో ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా పెట్టుకోవద్దు.

ముప్పై ఎనిమిది వేలు కట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ మనిషి ఏం చేయాలి? బిల్లు లేని సరుకును వెనక్కి తీసుకునేవాడు లేడు. పెట్టుకుని చూసే చోటు లేని ఊళ్లో ఏ ధరైనా ఎక్కువే.

---

గాంధీరోడ్_మొబైల్స్ · ఆదివారం ఉదయం 9.30

మేడమ్ చెప్పినదాని మీద నాకొకటి తోచింది. మా చిన్నప్పుడు వీసీపీ ఎవరింట్లో ఉండేది? అద్దెకు తెచ్చేవాళ్లం. కలర్ టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు, ఒక రాత్రికి ఇంత అని. వీధిలోవాళ్లు తలా పది రూపాయలేసి తెల్లారేదాకా చూసేవాళ్లం. కంప్యూటరూ అంతే. 2002, 03ల్లో నేను గంటకు ఇరవై రూపాయలిచ్చి నెట్ సెంటర్లో కూర్చుని మెయిల్ నేర్చుకున్నా. ఇంట్లో కంప్యూటర్ వచ్చింది 2009లో. ముందు అద్దె, తర్వాత అలవాటు, ఆ తర్వాతే సొంతం.

ఈ హెడ్‌సెట్‌కు మధ్యలో ఆ అద్దె మెట్టు లేదు. ఐదు నిమిషాల ఎగ్జిబిషన్, లేదంటే ముప్పై ఎనిమిది వేలు. ఆ రెండిటి మధ్యలో ఏమీ లేదు. ఒక ఆదివారమంతా ఇంట్లో పెట్టుకుని చూసి, సోమవారం తిరిగిచ్చే వీలుంటే ఎవరికి కావాలో ఎవరికి వద్దో వాళ్లకే తేలిపోతుంది.

---

కొర్లగుంట_వీఆర్_కౌంటర్ · ఆదివారం ఉదయం 10.05

అన్నా, నేను ఎందుకు ఇవ్వకూడదు! వారం మధ్యలో రెండూ ఖాళీగానే ఉంటాయి. రోజుకు మూడు వందలు, ఆధార్ జిరాక్సు, రెండు వేలు అడ్వాన్సు. పగిలితే ఎలా అన్నదొక్కటే నాకు భయం. ముందు తెలిసినవాళ్లతో మొదలుపెడతా.

---

రేణిగుంట_షిఫ్ట్ · ఆదివారం ఉదయం 10.30

అన్నా, మొదటి పేరు నాది రాసుకోండి. బుధవారం నాకు వీక్లీ ఆఫ్. మంగళవారం రాత్రి షిఫ్ట్ దిగి వస్తూ తీసుకెళ్తాను. మా ఆవిడ, అమ్మ, మా చెల్లెలి పిల్లలు అందరూ ఉంటారు. మా ఆవిడకు పొడవాటి జడ, అమ్మకు కళ్లజోడు. ముప్పై ఎనిమిది వేలు బ్యాంకులోనే ఉన్నాయి, బుధవారం రాత్రి వాళ్లు ఏమంటారో చూసి ఇక్కడే రాస్తాను.

---

కొర్లగుంట_వీఆర్_కౌంటర్ · ఆదివారం ఉదయం 10.48

సరే తమ్ముడూ. కళ్లజోడుకు మధ్యలో పెట్టే ముక్క ఒకటుంది, అదీ ఇస్తాను. స్పాంజికి తొడిగే బట్ట కవర్లు నాలుగు పెడతాను, మనిషి మనిషికీ మార్చండి. అన్నం తిన్న వెంటనే వద్దు, గంట ఆగండి. ఫ్యాన్ కింద నిలబడొద్దు.

---

చిత్తూరు_కట్టమంచి · ఆదివారం ఉదయం 11.15

మీ ఆవిడను జడ కిందికి, మెడ దగ్గర వదులుగా వేసుకోమనండి. పట్టీ జడ పైనుంచి వెళ్లాలి. మూడేళ్లకు నాకు తెలిసిన కిటుకు అది. సముద్రం వీడియో మీ అమ్మగారికి ముందు చూపించండి.